పెళ్లికొడుకు పట్టిన నా మడత చాకు

ముందు ఒక నిజం రాసుకో, లేకపోతే తర్వాత నువ్వే బయటపెడతావు. ఆ మడత చాకు నేను కొన్నది కాదు. నువ్వు కొనుక్కున్నావు, నేను లాగేసుకున్నాను. ఇంకో సంగతి. నేను "పోయినా" అంటే నువ్వు "వెళ్ళాను" అని సరిచేసుకుంటూ రాస్తున్నావు, ఓరకంట చూస్తూనే ఉన్నాను. నా మాటలు నీ ఇష్టం. పక్కవాళ్ళ మాటలు మాత్రం ఎవరు అన్నవి అన్నట్టే రాయి. వాళ్ళ మాటలను సున్నితం చేస్తే ఉప్పులేని చారులాగా ఉంటాయి.

నీకు తెలిసిందే, చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను. నువ్వు అనంతపురం కాలేజీ నుంచి బత్తలపల్లెకు వచ్చినప్పుడల్లా ఫోనులో కత్తుల వీడియోలు చూసేదానివి. ఎవరో గడ్డం ఆయన, చేతిలో ఒక మడత చాకు పట్టుకుని అరగంట మాట్లాడతాడు. తెరుస్తాడు, మూస్తాడు, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు వింటాడు, త్రాసులో వేసి తూస్తాడు. ఆఖరుకు ఒక కాగితం కోసి తెగ మురిసిపోతాడు.

"కాగితానికి కత్తి యాలమే? చించితే పోదా?" అని అడిగాను.

"పదును చూపిస్తాండాడు అవ్వా."

"అరగంటాయె. ఒక్క ఎర్రగడ్డ కోసినాడా?"

"వంటకు కాదు అవ్వా ఇది. జేబులో పెట్టుకుని తిరిగేది. దీన్ని ఎవురూ పట్టించుకోరంట. పేరుండే కంపెనీ కాదు గదా. పనిలో మాత్రం పేరున్నవాటికి నాయనంట."

ఎవరూ పట్టించుకోరు అనేసరికి నాకు ఆ చాకు మీద మనసు పడింది. ఇంట్లో నా లెక్కా అంతే కదా.

పార్సిల్ వచ్చింది. పచ్చరంగు ప్లాస్టిక్ పిడి, నా మధ్యవేలంత బ్లేడు. బ్లేడు మీద ఒక చిన్న బొడిపె. దాన్ని బొటనవేలితో తోస్తే బ్లేడు బయటికొచ్చి టక్ మని నిలబడుతుంది. లోపలున్న రేకును పక్కకు నొక్కితే తప్ప మళ్ళీ మూసుకోదు, కాబట్టి వేళ్ళు తెగవు. ఇదంతా నువ్వు నాకు ఒక పూట నేర్పించావు. రెండో పూటకు చాకు నా నడుముకు చేరింది, వక్కాకు తిత్తి పక్కన. మూడో రోజు నువ్వు అడిగావు.

"అవ్వా, నా చాకు యాడ పెట్నావు?"

"ఏ చాకు?" అన్నాను.

అలా నాది అయింది.

ఎందుకు అంత ఆశ పడ్డానో కూడా రాయి. నా వేళ్ళ గణుపులు వాచి చాలా కాలమైంది. పళ్ళు ఏడు మిగిలాయి కానీ ఒకదానికొకటి ఎదురుపడవు. ఈ కాలంలో చూస్తే ప్రతిదీ ప్యాకెట్టే. పాలు ప్యాకెట్టు, బిస్కెట్లు ప్యాకెట్టు, మాత్రలు రేకులో అతికించి ఇస్తారు. మీ అమ్మను పిలిచేదాన్ని. మీ అమ్మ మంచిది, ఒక్కరోజు కాదనలేదు. "ఉండత్తా, వస్తాండా" అనేది. వచ్చేది కూడా. కానీ ఆమె వచ్చేలోపు నాకు బిస్కెట్టు మీద మోజు పోయేది. రోజుకు ఒకసారి అడిగితే మర్యాదగా ఉంటుంది. పదిసార్లు అడిగితే బిస్కెట్టు కూడా మాత్ర మింగినట్టే ఉంటుంది.

చాకు వచ్చాక అడగడం మానేశాను. పాల ప్యాకెట్టు మూల నేనే కోసేదాన్ని. వక్క నేనే, చీనీకాయ నేనే. తోటలో డ్రిప్పు పైపు పగిలితే ఆ ముక్క కోసేదీ నేనే, ఎరువు మూటల పురికొస తెంపేదీ నేనే. ఒకసారి పక్కింటి మేకపిల్ల వలలో చుట్టుకుంటే, మగవాళ్ళు నలుగురు "కత్తి తేండ్రా, కత్తి తేండ్రా" అని అరుస్తుండగా నేను వెళ్ళి టక్ మని తెరిచి కోసి వచ్చేశాను. వాళ్ళు ఇంకా కాసేపు అరిచారు.

ఒక్క మా మరిదికే అది గిట్టలేదు. మీ చిన్నతాత.

"ఏం వదినా, పీచుమిఠాయి కోసుకునేదానికా అది?" అనేవాడు. "కత్తంటే మన ఇంటి బాకప్పా. పలాస్టిక్కు కూడా ఒక కత్తేనా?"

ఆ బాకు సంగతి చెప్పాలి. మా ఇళ్ళల్లో పెళ్లికొడుకు పీట మీద కూర్చున్న దగ్గర్నుంచీ అతని చేతిలో కత్తి ఉండాలి, మొనకు నిమ్మకాయ గుచ్చి. దిష్టి, గాలి ఏదీ సోకకూడదని. అందుకోసమే ఇత్తడి పిడి బాకు ఒకటి ఉంది. పిడికి సింహం మొహం, తోలు అంటించిన ఇనుప ఒర. ఎర్ర మఖమల్ గుడ్డలో చుట్టి మా మరిది తన ట్రంకు పెట్టెలో పెట్టుకుంటాడు. పెళ్ళి పెళ్ళికీ దాన్ని తనే ఎత్తుకొస్తాడు. పెళ్లికొడుకు కంటే ముందు ఆయన ఫోటో దిగుతాడు.

మీ అన్న పెళ్ళి రాయదుర్గంలో. పెళ్లికూతురు వాళ్ళది జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్టు. మండపం నిండా మనుషులు. పురోహితుడు పెళ్లికొడుకును పీట మీద కూర్చోబెట్టి "కత్తి తెండి" అన్నాడు. మా మరిది ఒక్కో మడత విప్పుతూ మఖమల్ గుడ్డ తీశాడు. సింహానికి దండం పెట్టాడు. పిడి పట్టుకుని లాగాడు.

రాలేదు.

మళ్ళీ లాగాడు. మొహం ఎర్రబడింది, బాకు మాత్రం కదల్లేదు.

"ఏమప్పా, అట్టనే నిలబడినావు?" అని పురోహితుడు అడిగాడు.

"కొంచెం బిగుసుకుండాది సామీ."

ఎందుకు బిగుసుకుందో నాకు అక్కడే అర్థమైంది. అంతకుముందు పెళ్ళి ఆయన కొడుకుదే. నిమ్మకాయ గుచ్చిన బాకును కడగకుండా, తుడవకుండా, ఆ పులుపుతోనే ఒరలో తోసి, దండం పెట్టి, పెట్టెలో దాచిపెట్టాడు. ఏళ్ళ తరబడి అది లోపలే తుప్పు పట్టి ఒరా బాకూ ఒకటైపోయాయి. పూజ చేసేవాళ్ళకు తుడవడం గుర్తుండదు.

ఇద్దరు ఒర పట్టుకున్నారు, ఇద్దరు పిడి పట్టుకున్నారు. తాడు లాగుడు పందెంలాగా ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయి వచ్చారు. ఒకడు కొబ్బరినూనె పోశాడు. ఇంకొకడు తెలివిగలవాడు, హారతి పళ్ళెంలో కర్పూరం వెలిగించి ఒరను వేడి చేశాడు.

"ఏమే, కత్తికి గూడా ఆరతిస్తారా వీళ్ళు?" అని పెళ్లికూతురి వైపు ఎవరో అడిగారు.

తోలు కాలిన వాసన మండపమంతా పట్టింది. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు. మీ అన్న బాసికం కింద నుంచి దిక్కులు చూస్తున్నాడు. నేను లేచాను. నడుము దగ్గర చెయ్యి పెట్టాను. టక్.

నలుగురూ బాకు వదిలేసి నన్ను చూశారు.

పెళ్లికూతురి అవ్వ ఉంది కదా, నా ఈడుదే, ఆమె ముందు వరసలో కూర్చుని ఉంది. నోటి మీద వేలు వేసుకుంది.

"ఇదేంది వదినా! పచ్చగా, పలాస్టిక్కు! పిల్లోళ్ళు ఆడుకునేదాన్ని పట్టుకుని మా పాప మెళ్ళో తాళి కడతాడా మీవోడు?"

"మీ పాప మెళ్ళో కట్టేది తాళి వదినా, చాకు కాదు," అన్నాను.

"మడిచే కత్తి యాడన్నా మంగళానికి పనికొస్తాదా?"

పురోహితుడు అడ్డం వచ్చాడు. "అమ్మా, ఇనుము ఉండాదా? ఉండాది. మొన ఉండాదా? ఉండాది. ముహూర్తం ఉండాదా? ఇంగొంచెమే ఉండాది. నిమ్మకాయ గుచ్చండి."

కత్తి చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు, ఇస్తే పోట్లాట వస్తుంది. కింద పెట్టాలి, అవతలివాళ్ళు తీసుకోవాలి. నేను నిమ్మకాయ గుచ్చి పీట పక్కన పెట్టాను. మీ అన్న బాసికం అడ్డమై కనిపించక అక్షింతల గిన్నె ఎత్తాడు, తర్వాత పురోహితుడి కళ్ళద్దాల పెట్టె ఎత్తాడు, మూడోసారికి చాకు దొరికింది. పెళ్ళి ఫోటోలన్నిటిలో చూడు, పట్టుపంచె, జరీ కండువా, చేతిలో పచ్చటి ప్లాస్టిక్ పిడి. ఫోటో తీసే అబ్బాయి "కంప్యూటర్లో రంగు మారుస్తా అవ్వా" అన్నాడు. మార్చావంటే ఊరుకోనని చెప్పాను.

తాళి కట్టాడు. భోజనాలు అయ్యాయి. నేను మీ అన్న దగ్గరికి వెళ్ళి "ఇంగ కింద పెట్టు నాయనా, తీసుకుంటా" అన్నాను.

పెళ్లికూతురి అవ్వ ఎక్కడినుంచి విన్నదో, వచ్చేసింది. "అట్లెట్ల వదినా? పదారు రోజుల పండగ దాకా కత్తి ఆలుమొగుళ్ళ కాడనే ఉండాలంట గదా. మీ ఇంటి పద్ధతేనంట. మీ మరిది చెప్పినాడు."

మా మరిది కాలిన ఒరను మఖమల్‌లో చుడుతూ నవ్వాడు. ఆ పద్ధతి నిజమే. ఇన్ని పెళ్ళిళ్ళలో అది ఎవరికీ బరువు కాలేదు, ఎందుకంటే ఆ బాకుతో ఎవరికీ పని లేదు. నాకు పని ఉంది. అయినా పెద్దదాన్ని, నేనే పద్ధతి తప్పితే ఎలా? యూనిట్టులో ఏదో అర్జెంటు ఆర్డరు ఉందని కొత్తజంట పదహారు రోజులూ రాయదుర్గంలోనే ఉండిపోయారు. చాకు అక్కడ. నేను ఇక్కడ.

ఆ రోజులు ఎలా గడిచాయో మీ అమ్మను అడుగు. వంటింటి కత్తి తీసుకుంటే "అత్తా, తెగుతాది" అని లాక్కునేది. గోళ్ళు కత్తిరించుకునే కట్టరుతో బిస్కెట్ ప్యాకెట్టు కొరికించాను, పొడి మిగిలింది. ఒకరోజు ఎవరినీ పిలవకూడదని పట్టుబట్టి, ఉన్న ఏడు పళ్ళల్లో మంచివి రెండు చూసుకుని పాల ప్యాకెట్టు కొరికాను. పాలు మొహం మీద పడ్డాయి, రవికెలో పడ్డాయి, గిన్నెలో మాత్రం పడలేదు. మీ అమ్మ నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. "పిలిస్తే రానా అత్తా?" అంది. వస్తుంది. అదే కదా బాధ.

రోజూ మీ అన్నకు ఫోను చేసేదాన్ని.

"ఎట్లుండావు నాయనా?"

"బాగుండా అవ్వా."

"పెండ్లాం బాగుందా?"

"బాగుండాది."

"చాకు బాగుందా?"

నాలుగో రోజు నుంచి వాడు ఫోను ఎత్తగానే "ముగ్గురం బాగుండాం అవ్వా" అనేవాడు.

పదహారో రోజు నువ్వూ నేనూ రాయదుర్గం వెళ్ళాం. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళేసరికి పెళ్లికూతురి అవ్వ చాప మీద కూర్చుని ఉంది. ముందర వక్క ముక్కలు, సన్నగా, ఒకే తీరుగా కోసినవి. మాత్రల రేకు చుట్టూ నీటుగా కత్తిరించి ఉంది. నన్ను చూడగానే ఏదో కొంగు కింద దోపుకుంది. టక్ మని చప్పుడు కాకపోతే నేను కనిపెట్టేదాన్ని కాదు.

"ఏం వదినా, ఆలుమొగుళ్ళ కాడ ఉండాల్సింది నీ కొంగులో ఉండాదే?" అన్నాను.

"చిన్నపిల్లోళ్ళు వదినా. చెయ్యి గియ్యి కోసుకుంటారని నేనే తీసిపెట్నా."

పెళ్లికూతురు అప్పుడే కాఫీ తెస్తోంది. "అబద్ధం అవ్వా," అంది నాతో. "రెండోనాడే తీసుకునింది. ఇంగ కింద పెట్టలే. రోజూ కడిగి, తుడిచి, శెనిగ నూనె గూడా పూస్తాది. నేను జీన్సు దారాలు తెంపేదానికి అడిగితే, కత్తెర ఉండాది గదా పోమ్మే అంటాది."

"పిల్లోళ్ళు ఆడుకునేది అంటివే," అన్నాను.

"అంటిని," అంది ఆమె. "తెలీక అంటిని."

ఆమె చాకు తీసి చాప మీద పెట్టింది. అప్పుడు చూశాను ఆమె వేళ్ళు. నావి నయం. ఆమె బొటనవేలు గణుపు దగ్గర పక్కకు తిరిగిపోయి ఉంది. నేను చూస్తున్నానని చేతులు మళ్ళీ కొంగులోకి లాక్కుంది.

"మా కోడలు మంచిదే వదినా," అంది. "అడిగితే అన్నీ తెచ్చిస్తాది."

"మా కోడలూ మంచిదే."

చాకు మధ్యలో ఉంది. నాది కాబట్టి నేను ఎత్తాలి. ఎత్తలేకపోయాను. అట్లాగని లేచి వచ్చేయనూ లేకపోయాను.

నువ్వు ఫోను తీశావు. "ఇంగోటి తెప్పిస్తా. రెండు దినాల్లో వస్తాది. అంతదాకా ఎవురో ఒకరు ఓర్చుకోండి."

"సరే, వదిన ఓర్చుకుంటాది," అన్నాం ఇద్దరం, ఒకేసారి.

అందుకని నేను అక్కడే ఉండిపోయాను. నీకు కాలేజీ ఉందని నువ్వు వెళ్ళిపోయావు. పెళ్లికొడుకు అవ్వ, పెళ్లికూతురి పుట్టింట్లో, పండగ అయిపోయాక రెండు రోజులు! మీ అమ్మ ఫోనులో తల పట్టుకుంది.

"అత్తా, వియ్యాలోరింట్లో అన్ని దినాలు ఉంటారా ఎవురన్నా? ఊర్లో ఏమనుకుంటారు?"

"చాకు కోసం ఉండాననుకుంటారు."

"అది ఇంగా అధ్వానం!"

ఆ రెండు రోజులు ఒక చాకుకు ఇద్దరం. చేతికి ఇవ్వకూడదు కాబట్టి ఆమె చాప మీద పెట్టి వేలితో నా వైపు తోస్తుంది, నేను కోసుకుని మళ్ళీ తోస్తాను. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఆ చాప మీద చాకు తిరుగుతూనే ఉంది. అంత పద్ధతిగా చేసినా పోట్లాట వచ్చింది. వక్క ఎంత సన్నంగా కోయాలని మొదలై, బాకు ఎవరి తప్పు అనేదాకా పోయింది. బాకు దగ్గర మాత్రం ఇద్దరం ఒకటయ్యాం. మా మరిదిని బాగా తిట్టుకున్నాం.

కొరియరు వచ్చింది. అట్టపెట్టె నిండా టేపు. పాత చాకుతో నేనే కోశాను. లోపల అదే చాకు, పిడి మాత్రం నల్లది. ఆమె చీరకు చేతులు తుడుచుకుని తీసుకుంది. బొడిపె మీద బొటనవేలు పెట్టి తోసింది. రాలేదు. కొత్తది కదా, గట్టిగా ఉంది. మళ్ళీ తోసింది. వేలు పక్కకు జారింది. శెనిగ నూనె రెండు చుక్కలు వేసి, ఒళ్ళో పెట్టుకుని, కింది పెదవి కొరుక్కుంటూ తోసింది. సగం వచ్చి ఆగింది.

"పర్వాలేదులే వదినా," అంది, నన్ను చూడకుండా. "కోడలు తెరిచిస్తాది. అడుగుతా."

ఆ 'అడుగుతా' వినకపోయి ఉంటే, నల్లది ఆమె దగ్గర వదిలి నా పచ్చది నేను తీసుకుని వచ్చేసేదాన్ని. నా వాడకంతో అరిగి మెత్తబడిన చాకు అది. గాలి తగిలితే తెరుచుకునేంత నునుపు. ఆమె బొటనవేలికి అదొక్కటే లొంగుతుంది. నేను పచ్చదాన్ని ఆమె ముందుకు తోసి, నల్లది ఎత్తుకున్నాను.

"ఇది నాకొద్దు వదినా, పచ్చది నీదిగదా," అంది.

"ఆ రంగు చూసి చూసి నాకు విసుగు పుట్టింది," అన్నాను.

మంచితనం అని రాయొద్దు. లోపల ఎంత ఏడ్చానో నాకు తెలుసు.

మరుసటి రోజు పొద్దున బస్సెక్కాను. నువ్వు లేవు కాబట్టి ఈ ముక్క నీకూ కొత్తే. కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన ఒకామె, ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళు. ఇంటికి వెళ్ళేలోపు ఈ నల్లదాన్ని మెత్తబరచాలి, లేకపోతే మళ్ళీ మీ అమ్మను పిలవాలి. రెండు బొటనవేళ్ళూ పెట్టి తోశాను. టక్. మూశాను. మళ్ళీ తోశాను. టక్. కళ్యాణదుర్గం చేరే లోపల పక్కనామె మూటతో సహా వెనక సీటుకు మారింది. ముందు సీట్లో ఇద్దరూ లేచి, ఖాళీ ఉన్నా నిలబడ్డారు.

ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టరు మూడు సీట్ల దూరంలోనే ఆగిపోయాడు.

"అవ్వా, ఆధార్ ఉండాదా?"

"ఉండాదప్పా. ఉండు, సంచి మూతి ముడి పడింది, కోసి తీస్తా," అని చాకు పైకెత్తాను.

"వద్దులే అవ్వా, వద్దులే! నువ్వు ఈడదానివేనని నీ మొగం చూస్తేనే తెలుస్తాది!"

కళ్యాణదుర్గం బస్టాండులో కిటికీలోంచి ఉప్పు శెనక్కాయల ప్యాకెట్టు ఒకటి కొన్నాను. నమిలేది ఎలాగో తర్వాత సంగతి. బొటనవేలు ఎర్రగా కందిపోయింది. ఒకే వేలితో తోశాను. సగం వచ్చింది. ఊపిరి బిగబట్టి ఇంకాస్త తోశాను. టక్.

ప్యాకెట్టు మూల కోశాను. ఎవరినీ అడగలేదు. అడుగుదామన్నా చుట్టూ నాలుగు సీట్ల దాకా ఎవరూ లేరు.